గాడిద మెచ్చిన గొంతు

మా ఏట్లో నీళ్ళు తోడాలంటే ఒంట్లో బలం కావాలి, చేతిలో డబ్బా కావాలి, చెలమలో ఒకరిపైన ఒకరు నిలబడి డబ్బా అందించడానికి మనుషులు కావాలి. వీటన్నిటికంటే ముందు గొంతు కావాలి. మొదటి మూడింటికీ నాకు ఏనాడూ లోటు లేదు.

మేం ఆవుల్ని మేపుకుని బతికే సమ్‌బూరు వాళ్ళం. ఎండలు ముదిరితే మా ఏరు ఒట్టి ఇసక. ఆ ఇసకలో ఏ ఇంటి చెలమ ఆ ఇంటివాళ్ళు తవ్వుకుంటారు. ఒడ్డున తుమ్మచెట్ల కింద అందరి మందలూ కలగలిసి పడుకుని ఉంటాయి. ఒక ఇంటి పెద్ద తన తొట్టి దగ్గర నిలబడి తన పాట ఎత్తుకుంటే ఆ ఇంటి ఆవులు మాత్రమే లేచి దిగి వస్తాయి, మిగతావి చెవి కూడా కదపవు. ఎవరూ తోలరు, ఎవరూ కర్ర ఎత్తరు. కర్రతో తోలిన మంద పక్కవాళ్ళ తొట్ల మీద పడుతుంది, చెలమల అంచులు తొక్కుతుంది, లోపల ఉన్న మనిషి మీద ఇసక గోడ కూలుతుంది. అలా పోయినవాళ్ళున్నారు. అందుకని పాటకి రాని మందకి ఏట్లో చోటు లేదు.

మా నాన్న పాట ఎత్తుకుంటే ఆవులతోపాటు ఆడవాళ్ళు కూడా వీపుల మీది నీళ్ళ డబ్బాలు దించి నిలబడి వినేవాళ్ళు. ఆయన పోయాక నాకు మంద వచ్చింది, చేతికర్ర వచ్చింది, చెలమ వచ్చింది, పాట వచ్చింది. పాటలో ఒక్క మాట కూడా నేను మరిచిపోలేదు. గొంతు మాత్రం ఆయన తనతోనే పట్టుకుపోయాడు.

నేను పాడితే ఎండిన ఆవుతోలుని రాళ్ళ మీద ఈడ్చినట్టుంటుందని మా అమ్మ అనేది. ఆవిడకి నేనంటే ప్రాణం, కాబట్టి అంతటితో ఆగింది. కుర్రతనంలో, జుట్టుకి ఎర్రమన్ను పూసుకుని మొరాన్లతో, అంటే ఈటెలు పట్టిన పెళ్ళికాని కుర్రాళ్ళతో, తిరిగే రోజుల్లో, ఆటపాటల దగ్గర నేను నోరు మూసుకుని ఎగరడం ఒక్కటే చేసేవాణ్ణి. బాగా ఎత్తుకి ఎగిరేవాణ్ణి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మా ఆవిడ పేరు నసియెకు. ఆవిడ నన్ను చేసుకున్నది ఆ ఎగురుడు చూసే. ఒక్కసారి నోరు విప్పమని అడిగి ఉంటే తన బతుకు బాగుపడేదని ఇప్పటికీ అంటుంది.

నాన్న పోయిన ఏడాది ఎండాకాలంలో మొదటిసారి మా వంతు వచ్చినప్పుడు తొట్టి దగ్గర నిలబడి ఛాతీ విరిచి పాట ఎత్తుకున్నాను. ఏరంతా పనులాపి ఇటు తిరిగింది. చెలమలో నుంచి నీళ్ళందిస్తున్న మావాళ్ళలో ఎవడో, పైన ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. ఒడ్డు మీద మా నాన్న ముద్దుల ఆవు నారోక్, మందకి ముందు నడిచే నల్లావు, తల తిప్పి నాకేసి చూసింది. చూసి, లేచి, వెనక్కి తిరిగి మళ్ళీ పడుకుంది. దానికి నా మొహం కూడా చూడాలనిపించలేదు. మంద మొత్తం దాన్ని చూసి అలాగే పడుకుంది.

పగలంతా పాడాను. మాకిచ్చిన పొద్దు అయిపోయి పక్కవాళ్ళ వంతు వచ్చింది. చివరికి ఆడవాళ్ళ చేత డబ్బాలతో ఒడ్డు మీదికి నీళ్ళు మోయించి ఆవులకి పట్టించాం. ఆవుకి డబ్బాతో పట్టించడం అంటే పెళ్ళికొచ్చిన చుట్టానికి దోసిట్లో అన్నం పెట్టడం లాంటిది. సగం మంద సగం దప్పికతోనే ఇంటికి నడిచింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి గుడిసెలో వెనక్కి తిరిగి పడుకున్నాను. గొంతు బాగాలేదన్నది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. నన్ను కోసింది అది కాదు. నాన్న ఆవులు నన్ను నాన్న కొడుకు కింద లెక్కవేయలేదు.

మా బాబాయి బార్నొటికి లెతివా అని ఒక కొడుకున్నాడు. వాడు దగ్గినా వినసొంపుగా ఉంటుంది. వాణ్ణి బతిమాలుకున్నాను. ఒక్క పూట మా తొట్టి దగ్గర నిలబడి నాన్న పాట పాడమన్నాను. ఆవులు పాటని గుర్తు తెచ్చుకుంటే తరవాత సంగతి నేను చూసుకుంటానన్నాను. వాడు అదోలా చూశాడు గానీ, పెద్దవాణ్ణి అడుగుతున్నానని పాడాడు. మంద ఉరుక్కుంటూ వచ్చి కడుపునిండా తాగింది. ఆ వేళ నా అంత తెలివైనవాడు ఈ కొండల మధ్య లేడనుకున్నాను.

మళ్ళీ మా వంతు వచ్చిననాడు నేనింకా గొంతు సవరించుకుంటున్నాను, పక్క చెలమ దగ్గర లెతివా తన పాట ఎత్తుకున్నాడు. ఆ గొంతు వినగానే నా మంద మొత్తం లేచి తిన్నగా వాడి తొట్టి మీదికి పోయింది. వాడి ఆవులకీ నా ఆవులకీ కొమ్ములు కలిశాయి. వాడి తొట్టి మట్టిగోడ కరిగిపోయి నీళ్ళన్నీ ఇసకలో ఇంకిపోయాయి. మాలో మేకని అరువిస్తారు, కత్తిని అరువిస్తారు, పాటని అరువివ్వరు. అది పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకు ఆ పూట తెలిసింది.

ఆ సాయంత్రం పెద్దలు చెట్టు కింద కూచుని నన్ను పిలిపించారు. బాబాయే మాట్లాడాడు. ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది, పాపం నెమ్మదిగా చెప్పాడు.

"చూడు లోయిబోర్, నీ తప్పని ఎవరూ అనడం లేదు. కానీ అన్నయ్య ఆవులు దప్పికతో చస్తుంటే నేను చూడలేను. రెండు వంతులు చూద్దాం. అప్పటికీ నీ పాటకి రాకపోతే నీ మంద నా మందలో కలుస్తుంది, చెలమ లెతివా చూసుకుంటాడు. నీ పిల్లలకి పాలకి లోటు రానివ్వంలే."

మందలేని మగవాడు మాలో మగవాడు కాదు. చెట్టు కింద వాడికి మాట ఉండదు. వాడి కూతుర్ని అడగడానికి వచ్చినవాళ్ళు వాడి బాబాయిని అడుగుతారు. నేను సరేనన్నట్టు తలూపాను, ఇంకేం చేయాలో తోచలేదు. ఇంటికొచ్చాక నసియెకు ఏమన్నారని అడిగితే, బాబాయి మన పిల్లల పాల గురించి బెంగ పెట్టుకున్నాడని చెప్పాను. 

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడ గాడిదని దుమ్ములగొండి పట్టింది.

గాడిదలు ఆడవాళ్ళ సొత్తు. నీళ్ళు మోయడానికి, మకాం మార్చినప్పుడు గుడిసె చాపలు మోయడానికి వాళ్ళు వాటిని పెంచుకుంటారు. మగవాడు గాడిదని ముట్టుకోడు, దాని గురించి మాట్లాడడు, అది దారికి అడ్డొస్తే చుట్టూ తిరిగి పోతాడు. ఇంటిల్లిపాది ప్రాణం దాని వీపు మీద ఉన్నా సరే. తెల్లవారేసరికి అది కంచె దగ్గర నిలబడి ఉంది. వెనక తొడ మీద నా రెండు చేతులంత మేర కండ లేదు. నసియెకు దాన్ని చూసి కళ్ళు తుడుచుకుని, ఇక బతకదు, బయటికి తోలేద్దాం, రాత్రికి వచ్చి దుమ్ములగొండే ఆ పని పూర్తి చేస్తుందని అంది.

నేను వద్దన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. పెద్దల చెట్టు కిందికి వెళ్ళే మొహం లేక దొడ్లో ఊరికే తిరుగుతున్నాను, పని దొరికిందనుకున్నానేమో. ఇలా చెప్పి తప్పించుకోవచ్చు గానీ అది నిజం కాదు. అది నిలబడి వణుకుతోంది, నావైపు చూస్తోంది, నాకు జాలేసింది. ఒప్పుకుంటే పోయేదేముంది, మిగిలిన పరువంటూ ఉంటే కదా.

దాన్ని లేగదూడల పాకలో కట్టేశాను. ఎవరైనా చూస్తారని అక్కడ పెట్టాను. తుమ్మబెరడు మరగబెట్టిన నీళ్ళతో పుండు కడిగి, పుల్లతో పురుగులు తీసి, గొర్రె తోక కొవ్వులో బూడిద కలిపి పట్టించాను. మొదటి రోజు అది తన్నిన తన్నుకి నా మోకాలి కింద బొప్పి కట్టింది. రెండో రోజు పొట్టలో తన్నింది. నొప్పికి నోట్లో నుంచి ఏదో రావాలి కదా, తిట్టు రావాల్సిన చోట మా నాన్న పాట వచ్చింది. ఆ దిగులు రోజుల్లో పొద్దస్తమానం నా నాలుక మీద అదే ఉండేది.

గాడిద తన్నడం ఆపేసింది. ఆశ్చర్యంతో ఆగిందేమో అనుకున్నాను. పాట ఆపాను, కాలు ఎత్తింది. మళ్ళీ పాడాను, కాలు దించింది. రెండు చెవులూ నావైపు తిప్పి నిలబడింది. నేను పుట్టాక నా పాటకి ఎవరైనా చెవులు ఇటు తిప్పడం అదే మొదలు. మా అమ్మ కూడా చెవులు మూసుకునేది.

అప్పటినుంచి పుండు కడిగినంతసేపూ పాడేవాణ్ణి, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. మెల్లగా పాడితే దానికి నచ్చేది కాదు, గొంతెత్తి పాడాలి. నారోక్ దూడ ఆ పాకలోనే ఉండేది, గాడిద పొట్టకి ఆనుకుని పడుకోవడం అలవాటు చేసుకుంది. పాలు పితికే వేళ తల్లులన్నీ దూడల కోసం కంచె దగ్గరికి వచ్చి నిలబడేవి, నారోక్ అందరికంటే ముందు. నేను పాడుతుంటే అది కంచె మీదుగా మెడ చాచి చూసేది. ఈ మనిషికి ఏమైందని చూస్తోందనుకునేవాణ్ణి.

ఇక నీళ్ళు. గాడిద మూలపడ్డాక నీళ్ళు మోసే పని నసియెకు వీపు మీద పడింది. తన వీపు మీద మోసిన నీళ్ళు గాడిదకి తాగించడమేమిటని ఆవిడ అడిగింది. న్యాయమైన మాటే. కాబట్టి మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళంతా నీడలో కునుకు తీసే వేళ, నేనే డబ్బా తీసుకుని ఏటికి వెళ్ళేవాణ్ణి. ఒకనాడు ఇసకలో బాబాయి ఎదురుపడ్డాడు. నా వీపు మీద డబ్బా చూశాడు, దాని తాడు నా నుదుటి మీద ఆడవాళ్ళలాగే బిగించి ఉండటం చూశాడు. పక్కకి ఉమ్మేసి, నాకు దారిచ్చాడు. ఆయన దారివ్వడం కంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

మొదటి వంతు వచ్చింది, వెళ్ళింది. నేను పాడాను, ఆవులు పడుకున్నాయి. మళ్ళీ డబ్బాలతో మోయించాం. ఇంటికొచ్చే దారిలో ఒక ముసలి ఆవు కూలబడి లేవలేదు. నాన్న చేతుల మీద పుట్టిన ఆవది. దాని పక్కన కూచుని ఏడిచాను. నా గొంతుని నేను అంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు.

రెండో వంతు నాటికి గాడిద కుంటుతూ నడుస్తోంది. పొద్దున్నే పాకలో దాని పుండుకి కొవ్వు రాసి, పాకలోనే వదిలి ఏటికి వచ్చేశాను. ఆ రోజు మా వంతు చూడటానికి పని లేనివాళ్ళు కూడా వచ్చారు. తోడుకునే నీళ్ళు లేనివాళ్ళకి ఇంతకంటే చవకైన కాలక్షేపం ఏముంది. బాబాయి తన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. లెతివా మా చెలమలో నాకు సరిగ్గా కింద నిలబడి డబ్బాలు అందిస్తున్నాడు. సాయంత్రానికి ఎటూ తనదయ్యే చెలమే కదా, వాడు శ్రద్ధగానే అందించాడు.

పాట ఎత్తుకున్నాను. నల్లకళ్ళ దానా రా, చల్లని నీళ్ళున్నాయి రా, నీ అమ్మ తాగిన చోటే తాగుదువు రా. మూడుసార్లు ఎత్తుకున్నాను. ఒడ్డు మీద ఒక్క తోక కూడా కదలలేదు. తొట్టి నిండి పొర్లింది. బాబాయి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు, మాట్లాడబోయే ముందు ఆయన అలా పీలుస్తాడు.

అప్పుడు దొడ్డివైపు నుంచి ఓండ్ర వినిపించింది.

గాడిద కంచె ఎలా దాటిందో నేను చూడలేదు. అది తుమ్మచెట్ల మధ్య నుంచి మూడు కాళ్ళ మీద, ఒక్కోసారి మూడున్నర కాళ్ళ మీద, ఓండ్రపెడుతూ వచ్చింది. మందలో నుంచి దారి చేసుకుంటూ నారోక్ పక్క నుంచి నడిచింది. నారోక్ లేచింది. గాడిద పొట్ట వాసన చూసింది, బహుశా తన దూడ వాసన తగిలి ఉంటుంది. గాడిద ఆగకుండా ఒడ్డు దిగింది. నారోక్ దాని వెనక దిగింది. నారోక్ వెనక మా మంద మొత్తం ఇసకలోకి దిగి, ఒకదాని వెనక ఒకటి, నావైపు నడవడం మొదలుపెట్టింది.

మా నాన్న ఆవులు, ఆ కొమ్ములు, ఆ నడక, కళ్ళ నిండా చూసుకోవాలనిపించే మంద. దాని ముందు ఒక కుంటి గాడిద.

గాడిద తిన్నగా వచ్చి తొట్టిలో మూతి పెట్టింది. మాలో ఆవులు ముందు తాగుతాయి, తరవాత మేకలూ గొర్రెలూ. పొద్దువాలాక ఆడవాళ్ళు ఒక మూల మిగిలిన బురదనీళ్ళలో గాడిదలకి పట్టిస్తారు. నారోక్ పక్కన నిలబడి తన వంతు కోసం ఆగింది. అందరూ చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు, నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"కొట్టు దాన్ని. ముందు ఆవులు," అన్నాడు బాబాయి.

కర్ర చేతిలో ఉంది. ఎత్తాను కూడా. దాని తొడ మీద నేను పొద్దున్న రాసిన కొవ్వు ఎండకి కరిగి మెరుస్తోంది. ఎక్కడ కొట్టాలి, ఆ తొడ మీదా? కర్ర దించి తొట్టికి ఆనించాను. పాట ఆపలేదు.

"నీ తండ్రి తొట్టిలో గాడిద ముందు తాగింది. ఈ సంగతి నీకు తెలుస్తోందా?" అన్నాడు ఆయన.

"తెలుస్తోంది బాబాయ్. నా తండ్రి తొట్టిలో ఇన్నాళ్ళకి ఆవులు కూడా తాగబోతున్నాయి. కాస్త పక్కకి జరుగు, నారోక్ నీ వెనకుంది."

ఆయన పక్కకి జరిగాడు.

ఆ రోజు నేను గెలిచానని మీరు అనుకుంటే మా వాళ్ళు మీకు తెలియదన్నమాట. మర్నాటికే నా పేరు పోయింది. పొద్దున్న చెట్టు దగ్గరికి వెళ్తే, రావయ్యా గాడిద నాన్నా, కూచో అన్నారు. మొరాన్లు నా మీద ఒక పాట కట్టారు. అందులో గాడిద నన్ను పెళ్ళికి అడుగుతుంది, మా ఆవిడ కట్నం కింద ఆవుల్ని అడుగుతుంది, ఆవులేమో మాకేం అభ్యంతరం లేదంటాయి. వాళ్ళు ఓండ్రపెట్టే చోట అచ్చం నా గొంతు వచ్చేలా పెట్టారు. బాగుంది పాట, ఇప్పటికీ నాకు పూర్తిగా వచ్చు.

పెద్దలు మూడు పూటలు తర్జనభర్జన పడ్డారు. మంద వచ్చింది కాబట్టి చెలమ వీడిదే అన్నారు కొందరు. వచ్చింది పాటకి కాదు, గాడిద వెనక వచ్చింది అన్నాడు బాబాయి. ఆయన అన్నది అన్యాయమేమీ కాదు. గాడిద రేపు చస్తే మంద ఎవరి వెనక వస్తుంది అని అడిగాడు. వానలు వచ్చేదాకా చూద్దామని, అప్పటిలోగా మంద ఒక్క వంతు తప్పినా మాట మొదటికే వస్తుందని తేల్చారు.

అదుగో, అప్పటినుంచి నా బతుకు గాడిద చేతిలో ఉంది. అది దగ్గితే నా గుండె ఆగేది. రాత్రిపూట పాక ముందు ఆవుతోలు పరుచుకుని, ఈటె పక్కన పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఒక సమ్‌బూరు పెద్దమనిషి తన ఆవుల్ని కంచెకి వదిలేసి గాడిదకి కాపలా కాస్తున్నాడు. వంతు వచ్చిన ప్రతిసారీ అది ముందు వచ్చేది, ముందు తాగేది, వెనక మంద తాగేది. ఏటి పొడవునా జనం కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు.

ఒకనాడు నేను దాని డెక్కలు చూస్తుంటే నసియెకు వచ్చి నిలబడింది.

"ఆవులు దాని కోసమే వస్తున్నాయని నీకెవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు."

"అందర్నీ అడిగావుగానీ, ఆవుల్ని అడిగావా?"

నీకు గాడిద మీద జాలి లేదు, అందుకే అలా అంటున్నావన్నాను. ఆవిడ నా నెత్తిన ఒక్కటి మొట్టి పాలబుర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

ఎండాకాలం చివర్లో, మబ్బులు ఎర్రగా ముసురుకుని ఒక్క చుక్క రాల్చకుండా పోయే రోజుల్లో, మా వంతు వచ్చింది. అప్పటికి చెలమ ఎంత లోతుకి పోయిందంటే, లోపల ఏడుగురు నిలబడితే గానీ నీళ్ళు పైకి రావు. రాత్రంతా కాపలా కాసి ఆఖరి జామున ఒళ్ళు తెలియని నిద్రపోయాను, లేచేసరికి ఎండెక్కింది. ఆలస్యమైందని తిన్నగా ఏటికి పరిగెత్తాను. అంతదాకా కాపలా కాసినవాణ్ణి సరిగ్గా ఆ రోజే పాకలోకి తొంగి చూడలేదు. నా తెలివితేటలు ఎప్పుడూ అలాంటి రోజుల్లోనే సెలవు తీసుకుంటాయి.

తొట్టి దగ్గర నిలబడి పాట ఎత్తుకున్నాను. నారోక్ లేచింది, కొమ్ములు ఒకసారి విదిల్చి ఒడ్డు దిగింది. వెనక మంద దిగింది. పాడుతూనే తొట్టి అంచు చేత్తో మెత్తుతున్నాను. ముందు గాడిద మూతి వచ్చి చేతికి తగలాలి, రోజూ అలాగే తగులుతుంది, దాన్ని కాస్త పక్కకి తోస్తే నారోక్‌కి చోటుంటుంది. చెయ్యి అటు చాచాను. చేతికి ఏమీ తగల్లేదు. తలెత్తి చూశాను. మంద ముందు నారోక్ ఉంది. నారోక్ ముందు ఇసక ఉంది.

"లెతివా, గాడిద ఏది?" పాట మధ్య ఊపిరి తీసుకునే చోట చెలమలోకి వంగి అడిగాను.

"వదిన తీసుకెళ్ళిందిగా అన్నా. తెల్లారకముందే వాంబా సంతకి, పిండి తేవడానికి. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తరవాత అడిగితే, పిండి అయిపోయింది, పిల్లలు గడ్డి తింటారా అని నన్నే గద్దించింది. ఇంట్లో పిండి ఇంకా నాలుగు పూటలకి సరిపడా ఉండటం నేను చూశాను, ఆ సంగతి ఎత్తలేదు.

ఆ క్షణాన మాత్రం ఇవేవీ నా బుర్రలో లేవు. గాడిద లేదు. ఓండ్ర లేదు. ఈ ఏట్లో వినిపిస్తున్నది ఒక్కటే, ఆవుతోలుని రాళ్ళ మీద ఈడ్చినట్టుండే ఈ గొంతు. దానికే నా తండ్రి ఆవులు లేచి వస్తున్నాయి. ఇది వినపడితే నీళ్ళుంటాయని, ఇది వినపడితే దూడలుంటాయని, ఇది మా ఇంటి గొంతని, అవి నేర్చుకుని ఎన్నాళ్ళైందో. నేనొక్కణ్ణే నేర్చుకోలేదు.

పాట ఆగిపోయింది.

మంద ఇసక మధ్యలో నిలబడిపోయింది. నారోక్ ఎత్తిన కాలు దించకుండా నాకేసి చూసింది. ఏటి పొడవునా అందరూ తలలు తిప్పి చూశారు, గాడిద కోసం వెతికారు, కనపడక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెలమలో ఏడుగురూ నిండిన డబ్బాలు తలల మీదికి ఎత్తుకుని, ఏమైందో తెలియక, చేతులు నొప్పెడుతున్నాయని ఒకరి తరవాత ఒకరు గొణుగుతున్నారు.

బాబాయి పక్క తొట్టి దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు కూడా మామూలుగా లేవు.

"ఆగావేం రా," అన్నాడు. "పాడు. అవి నీ కోసం ఆగిపోయాయి."

పాడాను. ఏడుస్తూ పాడితే నా గొంతు మామూలుకంటే ఘోరంగా ఉంటుంది, చెలమలో ఎవడో అమ్మో అన్నాడు కూడా. నారోక్ కాలు దించి నడిచింది, వచ్చి తొట్టిలో మూతి పెట్టింది.